మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు తాయ్ చీ: బరువు మార్చడం దగ్గరే మొదలు

మోకాలి గుజ్జు అరిగిందని తెలియగానే ఇంటివాళ్లు పెద్దవాళ్లను కుర్చీలోంచి లేవనివ్వరు. ప్రేమతోనే అంటారు కానీ, నాకు ఆ సలహా అసలు నచ్చదు. కదలకపోతే తొడ ముందరి కండరం సన్నబడుతుంది. అది మోయాల్సిన భారం కూడా కీలు మీదే పడుతుంది.

హన్మకొండలో బడి పిల్లలకు ఆటలు నేర్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లతో తాయ్ చీ చేయిస్తున్నాను. ఇది చైనాలో పుట్టిన, నిదానమైన కదలికల సాధన. 2016లో అమెరికాలోని టఫ్ట్స్ అనే వైద్య కేంద్రం వైద్యులు మోకాలి అరుగుదల ఉన్న 204 మందితో చేసిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు తాయ్ చీ చేసినవాళ్లకు, ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లతో దాదాపు సమానంగా నొప్పి తగ్గింది. మనసులోని దిగులు ఇంకాస్త ఎక్కువగా తగ్గింది. అరిగిన గుజ్జు తిరిగి పెరుగుతుందని మాత్రం నేనెవరికీ చెప్పను.

మోకాలు వాచి, ఎర్రబడి, వేడిగా ఉన్నా, ఈమధ్యే ఆపరేషన్ అయినా, తల తిరుగుతున్నా ముందు డాక్టరును అడగండి. కాళ్లకు చెప్పులు వద్దు, అడుగు చదునుగా ఉండి జారని బూట్లు వేసుకోండి. పక్కన బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించి పెట్టుకోండి. ప్లాస్టిక్ కుర్చీని పట్టుకుంటే అదే ముందు జారుతుంది.

పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి నిలబడండి. మోకాళ్లను బిర్రుగా వెనక్కి నెట్టకుండా కొద్దిగా సడలించండి. ఇప్పుడు ఒంటి బరువంతా మెల్లగా కుడికాలి మీదికి తీసుకురండి. ఎడమ పాదం కింద కాగితం ఉంటే ఎవరైనా సులువుగా లాగేయగలరా? లాగగలరు అనిపించేదాకా ఆ పాదాన్ని ఎత్తకండి. ఎత్తాక కొద్దిగా పక్కకు జరిపి, నేల మీద పూర్తిగా ఆనించి, అప్పుడు బరువును అటు మార్చండి. కొత్తవాళ్లతో నేను చాలా రోజులు ఇదొక్కటే చేయిస్తాను. చేతుల కదలికలు అందంగా ఉంటాయని అందరూ వాటి కోసం తొందరపడతారు కానీ, మోకాలికి మేలు చేసేది ఈ బరువు మార్పే.

బతుకమ్మ ఆడినవాళ్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది. ఒక కాలి మీద నిలదొక్కుకుని తర్వాతి అడుగు వేయడం వాళ్ల ఒంటికి ముందే తెలుసు. నొప్పుల వల్ల ఆట మానేసిన ఒక పెద్దమ్మ మొదటి రోజే నాకన్నా నిదానంగా అడుగు వేసింది. ఎంత సంతోషమేసిందో! అయితే చప్పట్ల కోసం వంగినట్లు ఇక్కడ వంగకండి.

మోకాలు ఎప్పుడూ పాదం చూస్తున్న వైపే చూడాలి. తిరగాల్సి వస్తే ముందు తిప్పబోయే కాలి మీద బరువు తీసేసి, ఆ పాదాన్ని తిప్పి, ఆ తర్వాతే ఒంటిని తిప్పండి. పాదం నేలకు అతుక్కుని ఉండగా నడుము తిరిగితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. కిందికి వంగేది కూడా కొంచెమే. తల దించి చూస్తే కాలివేళ్లు కనబడాలి.

అడుగులు కుదిరాక చేతులు కలపండి. ఊపిరి పీలుస్తూ రెండు చేతులను భుజాల ఎత్తుకు లేపి, వదులుతూ దించండి. లెక్క పెట్టకండి, ఊపిరి బిగపట్టకండి. అరికాలిలో మడమ ఎప్పుడు బరువెక్కుతోంది, వేళ్లు ఎప్పుడు తేలికవుతున్నాయి, అదే గమనిస్తూ ఉండండి. పడిపోతామేమోననే భయం పెద్దవాళ్ల ఒళ్లంతా బిగదీస్తుంది. ధ్యాస అరికాలి మీదికి వెళ్తే ఆ బిగువు వదులుతుంది. భుజాలు దిగడం నాకు ఎదురుగా కనిపిస్తుంది.

మొదట్లో పది నిమిషాలు చాలు. చేసేటప్పుడు కాస్త లాగినట్లుంటే ఫరవాలేదు. రెండు గంటల తర్వాత కూడా నొప్పి మొదటికన్నా ఎక్కువగా ఉంటే, మరుసటిసారి సమయం, వంపు రెండూ తగ్గించండి. పొడిచినట్లు నొప్పి వస్తే వెంటనే ఆపేయండి. చలికాలం పొద్దున మోకాళ్లు పట్టేసినట్లుంటాయి కాబట్టి, నిలబడకముందే కుర్చీలో కూర్చుని కాలు చాపుతూ మడుస్తూ కాసేపు వేడెక్కించండి. మే నెలలో ఎండ ముదరకముందే ముగించండి.

నిలబడలేనివాళ్లు కుర్చీలోనే చేయవచ్చు. వీపు ఆనించకుండా కూర్చుని, ఒక పాదాన్ని నేలకు నొక్కి రెండోది తేలిక చేయండి, చేతులను ఊపిరితో కలపండి. మా హాల్లో కుర్చీలో కూర్చున్నవాళ్లదే ముందు వరుస.