రిజర్వాయర్ సిమ్యులేషన్ నేర్చుకోవాలా? 300 గడులతో మొదలుపెట్టండి

భూమి లోపలి రాతిపొరల్లో ఆయిల్, గ్యాస్ ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడమే రిజర్వాయర్ సిమ్యులేషన్. సాఫ్ట్‌వేర్ చేతికి రాగానే ఏకంగా కేజీ బేసిన్ మోడల్ కట్టేద్దామనిపిస్తుంది, నాకూ అనిపించింది, కానీ వద్దు. జవాబు ముందే తెలిసిన చిన్న లెక్క ఒకటి ఉంది, ఎస్‌పీఈ1 అంటారు. 1981లో ఓడే అనే ఆయన ప్రచురించారు, ఏడు సంస్థలు తమ తమ ప్రోగ్రాముల్లో ఇదే లెక్క నడిపి పోల్చుకున్నాయి.

ఈ లెక్క నడపడానికి ఓపీఎం ఫ్లో అనే సిమ్యులేటర్ ఉంది, ఉచితం. విండోస్ వాళ్ళు డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) ఉబుంటు వేసుకుని అందులో పెట్టుకోండి. ఎస్‌పీఈ1 డేటా ఫైల్ ఓపీఎం వాళ్ళ టెస్ట్ ఫైళ్ళలోనే ఉంటుంది.

రన్ చేసేముందు ఆ ఫైల్ తెరిచి చదవండి, అసలు పాఠమంతా అక్కడే ఉంది. అడ్డంగా 10, నిలువుగా 10, లోతుకి 3 గడులు. ఒక్కో గడి వెయ్యి అడుగుల చదరం, పొరల మందం పైనుంచి 20, 30, 50 అడుగులు. పెర్మియబిలిటీ, అంటే రాయి ద్రవాల్ని ఎంత తేలిగ్గా పారనిస్తుందో ఆ కొలత, 500, 50, 200 మిల్లీడార్సీలు. ఫైల్‌లో 300*1000 అని నక్షత్రం గుర్తుతో కనిపిస్తే అది గుణకారం కాదు, 1000ని 300 సార్లు వేసుకోమని. ఇక ప్రతి కీవర్డ్ డేటా చివర పెట్టే స్లాష్! అది మర్చిపోతే ఎర్రర్ ఎక్కడో సంబంధం లేని చోట చూపిస్తుంది, సగం రోజు హాంఫట్.

ఒక మూల పై పొరలో గ్యాస్ ఎక్కించే బావి, ఎదుటి మూల అడుగు పొరలో ఆయిల్ తీసే బావి. రన్ అయ్యాక ఫలితాల్ని బొమ్మగా చూపించే రెస్‌ఇన్‌సైట్‌లో తెరిచి ముందు గ్యాస్ సాచురేషన్ (రాతి రంధ్రాల్లో గ్యాస్ ఆక్రమించిన వాటా) చూడండి, గ్యాస్ తేలికైనది కాబట్టి పై పొర పట్టుకుని అవతలి బావి వైపు పాకుతూ ఉంటుంది. ఆయిల్ రేటు కొన్నాళ్ళు రోజుకి 20,000 బ్యారెళ్ళ దగ్గర గీత గీసినట్టు ఉండి, బావి అడుగు పీడనం 1000 పీఎస్‌ఐ హద్దుకి తగలగానే జారడం మొదలెడుతుంది. ఆ జారుడు ఎందుకో మీ మాటల్లో చెప్పగలిగేదాకా ముందుకెళ్ళకండి.

తర్వాత గడుల్ని సగానికి కోసి చూడండి: 20, 20, 3. అంటే 1200 గడులు, వెడల్పు 500 అడుగులు. ఫైల్‌లో పొరకి 100 గడులని రాసిన లెక్కలు కూడా 400కి మార్చుకోవాలి. ఆయిల్ బావి స్థానం 10, 10 అనే వదిలేస్తే అది రిజర్వాయర్ నడిమధ్యకి వచ్చి కూర్చుంటుంది, ప్రోగ్రాం మాత్రం కిక్కురుమనదు.