పిల్లలు చూస్తూనే ఉంటారు: విశ్వాసి అయిన తండ్రి ఇంట్లో మాదిరిగా ఉండాలంటే

విశాఖపట్నంలో కుటుంబ ప్రార్థన గురించి మాట్లాడాలంటే ముందుగా షిఫ్టు డ్యూటీల గురించి మాట్లాడుకోవాలి. ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, వాటి చుట్టూ పెరిగిన చిన్నా పెద్దా కంపెనీలలో పనిచేసే తండ్రి ఒక వారం తెల్లవారకముందే ఇల్లు విడిచి వెళతాడు, ఇంకో వారం పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరతాడు, మరో వారం పిల్లలు బడికి బయలుదేరే వేళకు వచ్చి పడుకుంటాడు. రోజూ రాత్రి ఎనిమిది గంటలకు కుటుంబమంతా కూర్చుని అరగంట ప్రార్థన చేసుకోవాలన్న సలహా మందిరంలో వినేటప్పుడు బాగానే ఉంటుంది గాని, ఇలాంటి ఇంట్లో అది వారం తిరగకుండానే ఆగిపోతుంది. గాజువాకలో కాపురం పెట్టిన కొత్తలో నేనూ ఆ అరగంట కోసమే పట్టుబట్టి, కుదరని రోజున సిగ్గుపడి, ఆ సిగ్గుతో మర్నాడు కూడా మానేసి, చివరకు నెలల తరబడి ఇంట్లో అందరి మధ్య బైబిలు తెరవకుండానే గడిపాను. పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలూ తప్పకుండా ఉండాలి.

వాటిని గంటతో ముడిపెట్టకండి, ఇంట్లో ఎలాగూ జరిగే ఒక పనితో ముడిపెట్టండి. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం 7వ వచనం దేవుని మాటలను పిల్లలకు నేర్పమంటూ ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు అని నాలుగు సందర్భాలను చెబుతుంది. ఎన్ని గంటలకన్నది చెప్పదు. ఆ నాలుగింటిలో ఒకటైనా ఏ షిఫ్టులోనైనా దొరుకుతుంది. ఉదయం షిఫ్టు వారంలో మేము రాత్రి కంచాలు తీసిన వెంటనే కూర్చుంటాము. మధ్యాహ్నం షిఫ్టు వారంలో అమ్మాయికి జడలు వేయడం అయ్యాక, స్కూలు ఆటో వచ్చేలోపు కూర్చుంటాము. రాత్రి షిఫ్టు వారంలో నా టిఫిన్ బాక్సు సర్ది గుమ్మం దగ్గర పెట్టాక, నేను బూట్లు తొడుక్కునే ముందు కూర్చుంటాము. చిన్నప్పుడు మా అమ్మాయి ఆ బాక్సు మూత పడిన చప్పుడు వింటే చాలు, ఎవరూ చెప్పకుండానే చాప తెచ్చి పరిచేది.

పది నిమిషాల్లో ఏం చేయాలన్నది పెద్ద చిక్కు కాదు. ఒక పాటలో ఒక చరణం, కొద్దిగా వాక్యం, తలా ఒక మాట ప్రార్థన చాలు. మార్కు సువార్తలో 16 అధ్యాయాలే ఉన్నాయి. చిన్న భాగాలుగా చదువుకుంటే రెండు మూడు నెలల్లో నెమ్మదిగా పూర్తవుతుంది. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి కాబట్టి ఏ తేదీకి ఆ అధ్యాయం తెరిచి నాలుగు వచనాలు చదువుకోవచ్చు. బాగా అలసిపోయిన రాత్రికి 117వ కీర్తన ఉంది. అందులో ఉన్నవి రెండే వచనాలు. తండ్రి చేసే ప్రార్థన మాత్రం చిన్నదిగా ఉండాలి. మనలో చాలామందికి దేవుణ్ణి సంబోధించడానికే మూడు నిమిషాలు పడుతుంది, అంతలో చిన్నపిల్లలు కునుకు తీస్తారు. ఇంకొక అలవాటు కూడా మానుకోవాలి: పక్కనే కళ్లు మూసుకుని కూర్చున్న కొడుక్కు వినబడేలా, "ప్రభువా, మా వాడికి లెక్కల మీద శ్రద్ధ కలిగించు, ఫోను మీద వ్యామోహం తగ్గించు" అని ప్రార్థించడం. పిల్లవాణ్ణి మందలించాలంటే కళ్లు తెరిచి నేరుగా మందలించాలి, ప్రార్థనను అందుకు అడ్డం పెట్టుకోకూడదు.

చదవడం తెలుగులోనే చదవండి, పిల్లల చేతే చదివించండి. ఇంగ్లిషు మీడియం బడుల్లో చదివే మన పిల్లలకు "సెలవిచ్చెను", "విస్మయమొందిరి" వంటి మాటలు కొరుకుడు పడవు. అక్కడ ఆగి అర్థం చెప్పడమే సగం బోధ అవుతుంది. ఈ ఊరి పిల్లలకు చెప్పవలసిన సంగతి ఒకటుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నానికి వచ్చి, ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. ఇద్దరు మిషనరీలూ ఆ పని అచ్చులో చూడకుండానే మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇదంతా విన్నాక మా అబ్బాయి, "అయితే మార్కు సువార్త మన ఊరిదేనా నాన్నా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబేమిటో నాకు ఇప్పటికీ తెలియదు గాని, ఆ రోజు నుంచి వాడు చదివేటప్పుడు తడబడినా పుస్తకం పక్కన పెట్టలేదు.

పుస్తకం అన్నాను కాబట్టి ఈ మాట కూడా చెప్పాలి. తండ్రి ఒంటరిగా వాక్యం చదువుకునేటప్పుడు ఫోనులో కాకుండా అచ్చు బైబిలులో చదవడం మంచిది. ఫోనులో చదవడం తప్పని నేను అనను, డ్యూటీ బస్సులో నేనూ అందులోనే చదువుతాను; కానీ ఇంట్లో ఫోను పట్టుకున్న తండ్రి కీర్తనలు చదువుతున్నాడో వాట్సాప్ చూస్తున్నాడో ఎదురుగా ఉన్న పిల్లలకు తెలిసే మార్గం లేదు.

కొంత వాక్యం కంఠతా ఉండడం కూడా అవసరమని నాకు 2014లో తెలిసింది. అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను ఊరి మీద విరుచుకుపడ్డాక చాలా ప్రాంతాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. కొవ్వొత్తులు కూడా పొదుపుగా వాడుకోవలసి రావడంతో ఆ రాత్రులు చీకట్లోనే కూర్చున్నాము. చదవడానికి వెలుగు లేదు, నోటికి వచ్చినది చెప్పుకుందామంటే, పాతికేళ్లుగా విశ్వాసినైన నాకు పూర్తిగా వచ్చినవి పరలోక ప్రార్థన, 23వ కీర్తన మాత్రమేనని తేలింది. వేసవి సెలవుల్లో మందిరంలో పిల్లలకు జరిపే బైబిలు తరగతులకు (వీబీఎస్‌కు) వెళ్లి వచ్చిన పిల్లలకు నాకంటే ఎక్కువ వచ్చు. అప్పటి నుంచి నెలకు నాలుగు వచనాలు చొప్పున పిల్లలతో పాటు నేనూ నేర్చుకుని, వాళ్లకే అప్పజెబుతున్నాను. తప్పు చెబితే మా అమ్మాయి ఊరుకోదు.

ఇక అన్నిటికంటే కష్టమైన విషయానికి వస్తాను. విశ్వాసి అయిన తండ్రి తన పిల్లలను క్షమాపణ అడగగలగాలి. మన ఇళ్లలో ఇది దాదాపు కనబడదు. పిల్లల ముందు తగ్గితే చులకనైపోతామన్న భయం మనకు మన తండ్రుల నుంచే వచ్చింది, వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒకసారి రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పడుకున్నాను. సెలవు రోజు కావడంతో మా అబ్బాయి పక్క గదిలో గోడకు బంతి కొట్టి ఆడుకుంటున్నాడు. రెండుసార్లు అరిచాను. మూడోసారి మంచం పక్కనున్న స్టీలు గ్లాసు తీసి గుమ్మం వైపు విసిరాను. అది వాడికి తగలలేదు, గడపకు తగిలి అంచు సొట్టపోయింది. వాడు బంతి పట్టుకుని మెట్ల మీదకు వెళ్లి కూర్చున్నాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో తన వంతు వచ్చినప్పుడు వాడు నోరు విప్పలేదు, నేనూ ఏమీ ఎరగనట్టు ముగించేసి డ్యూటీకి వెళ్లిపోయాను. ఆ రాత్రంతా పనిలో మనసు లేదు. మర్నాడు వాడు లేచాక పక్కన కూర్చుని, "నాన్నా, నిన్న నేను గ్లాసు విసరడం తప్పు. నిద్ర చాలకపోవడం అందుకు కారణం కాదు. నన్ను క్షమించు" అన్నాను. వాడు "సరే" అని గబగబా లేచి పళ్లు తోముకోవడానికి వెళ్లిపోయాడు, అంతకు మించి ఏమీ జరగలేదు. మూడు వారాల తర్వాత, తాను దాచిపెట్టిన ఒక మార్కుల కాగితాన్ని వాడే తెచ్చి నా చేతికిచ్చాడు.

ఇలా అడిగేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. చేసిన తప్పును పేరుపెట్టి చెప్పాలి. "ఏదైనా తప్పు జరిగి ఉంటే" అన్న మాట క్షమాపణ కాదు. చివర్లో "కానీ నువ్వు కూడా" అన్న తోక తగిలించకూడదు. పిల్లవాడు చేసిన అల్లరి సంగతి వేరొక రోజున, వేరుగా మాట్లాడుకోవచ్చు. క్షమించానని వాడి చేత అప్పటికప్పుడు అనిపించుకోవాలని చూడకూడదు. మళ్లీ మళ్లీ అదే తప్పు చేసి మళ్లీ మళ్లీ అదే మాట చెబితే అది కూడా ఒక వేషమేనని పిల్లలు కనిపెడతారు కాబట్టి, కోపం రేపుతున్నది ఏదో చూసుకుని దాన్ని మార్చాలి. నా విషయంలో ఆ మార్పు చాలా చిన్నది: రాత్రి షిఫ్టు వారంలో నా మంచం వెనక గదిలోకి మారింది.

క్రమశిక్షణ మాట వస్తే మనలో చాలామంది ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6:4ను ఎత్తిచూపుతారు. "ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను" పిల్లలను పెంచమని అందులో ఉంది నిజమే. అయితే అక్కడి "శిక్ష" బెత్తం దెబ్బ కాదు. మూలంలోని గ్రీకు మాట "పైదియా" పిల్లవాణ్ణి తీర్చిదిద్దే శిక్షణ మొత్తాన్ని చెబుతుంది, పాత తెలుగులో శిక్ష అన్న మాటకు ఆ అర్థం కూడా ఉంది. పైగా ఆ వచనం మొదలయ్యేదే పిల్లలకు కోపం రేపవద్దన్న హెచ్చరికతో. దీని అర్థం ఏమీ అనకుండా వదిలేయమని కాదు: యాజకుడైన ఏలీ తన కుమారుల దుర్మార్గం తెలిసి కూడా వారిని అడ్డగించలేదు, దావీదు రాజు తన కుమారుడు అదోనీయాను "ఎందుకిలా చేస్తున్నావు" అని ఒక్కసారైనా అడగలేదు. ఆ రెండు ఇళ్లూ ఏమయ్యాయో మనకు తెలుసు.

భార్యతో మాట్లాడే తీరు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఒక ఆదివారం ఉదయాన్ని గుర్తు చేసుకుంటే చాలు. ఆవిడ ఒక చేత్తో కూర కలుపుతూ, ఇంకో చేత్తో అమ్మాయి రిబ్బను వెతుకుతూ ఉంటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధమైన తండ్రి హాల్లో నిలబడి ఆలస్యమవుతోందని కేకలు వేస్తాడు. అదే తండ్రి ఇరవై నిమిషాల తర్వాత మందిరం గేటు దగ్గర నవ్వు ముఖంతో అందరికీ "ప్రైజ్ ద లార్డ్" చెబుతాడు. ఆ రెండు ముఖాలనూ పిల్లలు ఒకే ఉదయాన చూస్తారు. భార్యను సన్మానించకపోతే మీ ప్రార్థనలకే అభ్యంతరం కలుగుతుందని పేతురు హెచ్చరించాడు (1 పేతురు 3:7). శనివారం రాత్రే బట్టలు ఇస్త్రీ చేసి, బైబిళ్లూ కానుక డబ్బులూ ఒకచోట పెట్టండి. ఆదివారం ఉప్మా మీరే కలపండి. తిరుగు ప్రయాణంలో, ముందు ట్యాంకు మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని, వెనకనున్న భార్యతో కాపరి గారి ప్రసంగంలోని లోపాలు ఏకరువు పెట్టకండి. అభ్యంతరం నిజంగా ఉంటే ఆయనతోనే మాట్లాడాలి.

డబ్బు విషయంలో మాదిరి ఇంకా సూక్ష్మమైనది. చీటీ డబ్బుల కోసం మనిషి వచ్చినప్పుడు "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని పిల్లవాణ్ణి గుమ్మం దగ్గరకు పంపిన తండ్రి, అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న తొమ్మిదవ ఆజ్ఞను ఎంత బాగా వివరించినా వృథాయే. మీరే బయటకు వెళ్లి ఫలానా తేదీకి ఇస్తానని చెప్పండి. జీతం వచ్చిన రోజున ముందుగా దేవుని భాగం తీసి కవరులో పెట్టేటప్పుడు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి, ఆ నెల ఇబ్బందిగా ఉంటే అది కూడా వారికి తెలియనివ్వండి.

మన కుటుంబాల్లో చాలావాటికి హిందువులైన బంధువులు, ఇరుగుపొరుగువారు ఉంటారు. వారి పండుగల్లో మనం ఎక్కడి వరకు పాల్గొంటామన్నది పిల్లలకు ముందే నిదానంగా చెప్పాలి, కాదనవలసి వస్తే మర్యాదగా ఎలా కాదనాలో చూపించాలి. వారి దేవుళ్లను ఎగతాళి చేసే మాట మాత్రం మన ఇంట్లో వినబడకూడదు. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకు 32 కిలోమీటర్లు నడిచి వచ్చిన పక్కింటాయన కాళ్లు బొబ్బలెక్కి ఇబ్బంది పడుతున్నప్పుడు, మా ఇంటి నుంచి వేడినీళ్లూ ఆయింట్‌మెంటూ మా అబ్బాయి చేతే పంపాను. ఇది సరికాదని మా సంఘంలో ఒకరన్నారు. నేను మాత్రం మళ్లీ పంపుతాను.

పిల్లలు పెద్దయ్యాక ఒకరోజు "నేను ఈ వారం మందిరానికి రాను" అనడం చాలా ఇళ్లలో జరుగుతుంది. అప్పుడు సంఘంలో పరువు పోతుందన్న ఆలోచనే ముందు వస్తే, మాట్లాడకుండా ఆ పూట ఊరుకోవడం మంచిది. సాయంత్రం ఇద్దరూ బీచ్ రోడ్డులో నడుస్తూ ఎందుకు రానన్నాడో అడిగి, చెప్పినంతసేపూ అడ్డు రాకుండా వినండి. వాదనలో గెలవాలని చూడకండి, భోజనం దగ్గర ముఖం తిప్పుకోకండి, కుటుంబ ప్రార్థనలో వాడి చోటు అలాగే ఉంచండి. యోబు తన పిల్లల్లో ఒక్కొక్కరి నిమిత్తం అరుణోదయానే లేచి బలి అర్పించేవాడు. వారు పాపం చేశారేమోనన్న అనుమానం మాత్రమే అతనికుంది, అయినా నిత్యమూ అలాగే చేశాడు. మా అబ్బాయి ఇప్పుడు ఇంటర్‌లో ఉన్నాడు, కొన్ని ఆదివారాలు వస్తాడు, కొన్ని ఆదివారాలు రాడు. రాత్రి డ్యూటీ బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకుంటాను. గాజువాకలో ఎక్కితే కూర్మన్నపాలెం వచ్చేలోపు వాడి పేరు, చెల్లెలి పేరు, వాళ్లమ్మ పేరు అయిపోతాయి. సిగ్నల్ దగ్గర బస్సు ఆగితే వాడి పేరుతో మళ్లీ మొదలుపెడతాను.