ఫోర్డ్ ఎఫ్-150 మిస్‌ఫైర్ పరీక్షకు ముందు జాగ్రత్తలు

మిస్‌ఫైర్ అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే బండిని ఇక నడపకండి. సిలిండర్‌లో మండని పెట్రోలు పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కాల్చేస్తుంది.

ఏదీ విప్పకముందే స్కానర్‌లో కనిపించిన కోడ్లు రాసుకోండి. పీ0303 అంటే 3వ సిలిండర్‌లో మిస్‌ఫైర్. ఫోర్డ్ వి8లో (రెండు వరుసల్లో ఎనిమిది సిలిండర్లున్న ఇంజిన్‌లో) అది, డ్రైవరు సీటులోంచి చూస్తే, కుడి వరుసలో ముందు నుంచి మూడోది.

2004–2008 నాటి 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజిన్‌లో అసలు భయం స్పార్క్ ప్లగ్గులతోనే. వాటి కింది తొడుగు మసి పట్టి సిలిండర్ హెడ్‌లోనే విరిగిపోయే ప్రమాదం ఉంది కనుక, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ప్లగ్గు గుంతలోని దుమ్మును గాలితో ఊదేసి, ప్లగ్గును పావు చుట్టుకు మించకుండా వదులు చేసి, కార్బ్యురేటర్ క్లీనర్ పోసి కనీసం 15 నిమిషాలు నాననివ్వాలి. ఈ ఓపిక లేకపోతే హెడ్ విప్పే పని పడవచ్చు.

ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్టర్‌ను ఇంజిన్ ఆపాకే తీయండి, దానితోపాటు ఆ సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కనెక్టర్‌ను కూడా. షెడ్డు తలుపులు తెరిచే ఉంచండి.