నిమ్మాకును చదవడం – 3వ పాఠం: పసుపు ఎక్కడ మొదలైంది?

పోయిన పాఠంలో ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకుని ఈనెలు చూడటం నేర్చుకున్నాం. నడిమి ఈనె, పక్క ఈనెలు, వాటి మధ్య అల్లుకున్న సన్నని వల మీకు విడివిడిగా కనిపిస్తున్నాయా? లేకపోతే ఇంకో నాలుగు ఆకులు చూసి రండి. ఈరోజు పాఠమంతా ఆ చూపు మీదే నడుస్తుంది.

నిమ్మాకు పసుపెక్కితే మన వైపు చాలామంది ఒక ఆకు తుంచి జేబులో పెట్టుకుని ఎరువుల కొట్టుకు వెళ్తారు. కొట్టాయన ఏదో ఒక డబ్బా చేతిలో పెడతాడు. తుంచిన ఆకు కొమ్మలో ఎక్కడిదో తెలియకుండా జబ్బు చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే చెట్టు దగ్గరే తేల్చుకోవాల్సిన మొదటి సంగతి: పసుపు ముదురాకుల్లో మొదలైందా, చిగురులోనా?

నత్రజని, మెగ్నీషియం చెట్టు లోపల కదిలే పోషకాలు. కొరత వస్తే చెట్టు ముదురాకుల్లో ఉన్నదాన్ని లాగి చిగురుకు పంపుతుంది. అందుకే ముందు ముదురాకులు పాలిపోతాయి. ఇనుము, జింకు, మాంగనీసు అంత తేలిగ్గా కదలవు. పాత ఆకుల్లో చేరింది అక్కడే ఉండిపోతుంది, కొత్తగా వచ్చే చిగురుకు అందదు. కాబట్టి వాటి కొరత చిగురులో బయటపడుతుంది.

ముదురాకు ఈనెలతో సహా ఒకే తీరుగా పాలిపోయిందంటే నత్రజనిని అనుమానించండి. పసుపు అంచుల వైపు నుంచి వచ్చి, కాడ దగ్గర మాత్రం త్రికోణంలా ఆకుపచ్చ మిగిలిందా, అది మెగ్నీషియం. ఇక చిగురులో సన్నని వల కూడా ఆకుపచ్చగా గీతలు గీసినట్టు ఉండి, ఈనెల మధ్య భాగమంతా పసుపైతే ఇనుము. ఆకులు చిన్నవై, సన్నగా నిక్కబొడుచుకుని, గుబురుగా వస్తే జింకు. మాంగనీసు కొరతలో ఆకు సైజు తగ్గదు, ఈనెల వెంట వెడల్పుగా ఆకుపచ్చ పట్టీలు మిగులుతాయి.

కొత్త చిగురు వచ్చే రోజుల్లో నాలుగు ముదురాకులు పసుపెక్కి రాలితే టెన్షన్ పడకండి. వాటి కాలం అయిపోయింది, అంతే.

ఇంతకీ పసుపెక్కిన ఆకు లోపల ఏం ఆగిపోతోంది? పత్రహరితం అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు, దాన్ని పట్టుకుని నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. ఇనుము ఆ అణువులో లేదు, కానీ ఇనుము లేనిదే పత్రహరితం తయారు కాదు. నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదిలే చోట పనిచేసేది మాంగనీసు. నత్రజని తగ్గితే రంగుతో పాటు, గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకునే రుబిస్కో అనే ఎంజైము కూడా తగ్గిపోతుంది. అంటే పైకి అన్నీ పసుపే అయినా లోపల దెబ్బతిన్న పని ఒక్కోదానికి ఒక్కోటి.

మెగ్నీషియం సంగతి ఇంకాస్త చెప్పాలి. అది తగ్గినప్పుడు ఆకులో తయారైన చక్కెర సరిగా బయటికి వెళ్లదు. ఆకులోనే పేరుకుపోతుంది, కింద వేర్లు పస్తులుంటాయి. వేరు ఎదగకపోతే నేలలో ఉన్న మెగ్నీషియం కూడా అందదు. ఒకటి రెండోదాన్ని పెంచుకుంటూ పోతుంది.

ఇప్పుడు మన నేల సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్లతో మన గోదావరి డెల్టా వరికి పెట్టింది పేరైంది. వరి వేరు నీళ్లలో బతుకుతుంది. నిమ్మ వేరుకు గాలి కావాలి. చుట్టూ సార్వా చేలు నిండి ఉన్నప్పుడు పల్లంలో ఉన్న నిమ్మతోట పాదు పైకి ఆరినట్టు కనిపించినా అడుగున నీరు నిలిచే ఉంటుంది. వేరుకు ఆక్సిజన్ అందకపోతే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. కార్బన్ డయాక్సైడు లోపలికి రాదు, కిరణజన్య సంయోగక్రియ పడిపోతుంది. ఆకు ఇంకా పచ్చగా ఉండగానే ఇదంతా జరుగుతుంది, పసుపు ఆ తర్వాతెప్పుడో కనిపిస్తుంది. సున్నం ఎక్కువున్న నేలైతే నిలిచిన నీటి వల్ల ఇనుము ఉండి కూడా చెట్టుకు అందదు.

అందుకే డెల్టాలో స్ప్రేయర్ కన్నా ముందు పార పట్టాలంటాను. కొమ్మల నీడ అంచున రెండడుగుల లోతు గొయ్యి తీసి కాసేపు ఆగండి. అడుగున నీరు ఊరుతుందా? మట్టి కుళ్లిన గుడ్డు వాసన వస్తుందా? సన్నని వేరు ఒకటి తీసి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగండి. మంచి వేరు లేత రంగులో గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరుకైతే గోధుమరంగు పైతోలు జారి చేతిలోకి వచ్చేస్తుంది, లోపల దారం లాంటి పోగు మిగులుతుంది. అలాంటి చెట్టుకు ముందు కావాల్సింది మురుగు పోయే బోదె. నీరు మొదలుకు తగలకుండా మట్టి ఎగదోయండి. ఆకుల్లో నడిమి ఈనె వెంట పసుపు కనిపిస్తే మొదలు దగ్గర బెరడు కూడా గీకి చూడండి, కుళ్లు అక్కడ ఉండవచ్చు.

నేల బాగుండి, లోపం జింకుదే అని తేలితే లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేటు, రెండున్నర గ్రాముల సున్నం కలిపి, చిగురాకులు విప్పుకుని ఇంకా లేతగా ఉండగా పిచికారీ చేయండి. ఫలితాన్ని పాత ఆకుల్లో వెతక్కండి, తర్వాత వచ్చే చిగురులో చూడండి.

చివరగా ఇంకో రకం పసుపు. ఆకును నడిమి ఈనె మీద మడవండి. పోషక లోపమైతే రెండు సగాల్లో మచ్చ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక సగంలో ఒకలా, రెండో సగంలో ఇంకోలా, అక్కడక్కడా పులిమినట్టు ఉంటే గ్రీనింగ్ తెగులేమోనని అనుమానించాలి. సిల్లా అనే చిన్న పురుగు ద్వారా వ్యాపించే బ్యాక్టీరియా తెగులు ఇది, దీనికి ఎరువుతో పని జరగదు. కడియం వెళ్లి బత్తాయి అంటు ఎంచుకునేటప్పుడు కూడా ఇలా మడిచి చూసే తెచ్చుకోండి.

ఈ తెగులు సోకిన ఆకుల్లో పిండి పదార్థం పేరుకుపోతుంది. దాన్ని అయోడిన్‌తో ఇంట్లోనే ఎలా చూడాలో 4వ పాఠంలో చేద్దాం. అందుకు టింక్చర్ అయోడిన్ చిన్న సీసా, సన్నరకం గరుకు కాగితం (శాండ్ పేపర్) ఒకటి తెచ్చి ఉంచండి. ఈలోగా మీ చెట్లలో రెండింటికి గొయ్యి తీసి, ఒక్కోదాని నుంచి ఒక ముదురాకు, ఒక చిగురాకు కోసి, ఏది ఎక్కడిదో రాసి పుస్తకంలో అతికించుకోండి.