వైరస్ ప్రోటీన్ కణంలో సాగించే ప్రయాణాన్ని గమనించే విధానం

పైపొర గల వైరస్ తన పొరలో ఉండవలసిన ప్రోటీన్లను తానుగా మోసుకుపోలేదు; కణం తన సొంత ప్రోటీన్లను పంపుకునే దారినే అది వాడుకుంటుంది. అందుకే పశువులకు సోకే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ పైపొరలోని జి ప్రోటీన్ ఆ దారిని చూపించే గుర్తుగా ఎన్నో ప్రయోగశాలలకు ఉపయోగపడింది. 2013లో నోబెల్ బహుమతిని పంచుకున్న జేమ్స్ రాత్‌మన్ గాల్జి (ప్రోటీన్లకు తుదిమెరుగులు దిద్ది గమ్యాలకు పంపే కణభాగం) రవాణా ప్రయోగాలలో వాడినది కూడా ఈ ప్రోటీన్‌నే.

దీనిలో టీఎస్045 అనే ఉత్పరివర్తిత రూపం 40 డిగ్రీల సెల్సియస్ వద్ద సరిగా మడత పడక ఇలాంటి ప్రోటీన్లు తయారయ్యే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల జాలంలోనే ఆగిపోతుంది; 32 డిగ్రీలకు దించితే మడత సరిపడి, ఆగి ఉన్నదంతా ఒక్క అలలా బయలుదేరుతుంది. ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీ అనే ప్రోటీన్‌ను జోడించిన ఈ రూపపు జన్యువును గాజు పలకలపై పెరుగుతున్న కణాలలోకి ప్రవేశపెట్టి, వాటిని రాత్రంతా 40 డిగ్రీల వద్ద ఉంచాలి. ఉదయం కొన్ని కణాలను వెంటనే ఫిక్స్ చేసి (రసాయనంతో ఉన్నది ఉన్నట్టు నిలిపి) సూక్ష్మదర్శినిలో చూస్తే, కేంద్రకం చుట్టూ సన్నని వలయం, అక్కడి నుంచి కణం అంచుల దాకా అల్లుకున్న జాలీ వంటి నిర్మాణం కనబడాలి. కేంద్రకం పక్కన ముద్దగా మెరుపు కనబడితే ప్రోటీన్ అప్పటికే గాల్జికి చేరినట్టే కాబట్టి ఆ విడత కణాలను వాడకపోవడమే మంచిది. నా అనుభవంలో ఈ ప్రయోగం ఎక్కువగా చెడేది ఇక్కడే: ఇంక్యుబేటర్ తలుపు పదేపదే తెరిచినా, పళ్లెం బల్ల మీద రెండు మూడు నిమిషాలు ఉన్నా, కణాలు చల్లబడి ప్రోటీన్ ముందే బయలుదేరుతుంది, ఇక సున్నా నిమిషం అన్న మాటకు అర్థం ఉండదు.

మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల సైక్లోహెక్సిమైడ్ కలిపి, ముందే 32 డిగ్రీలకు తెచ్చి ఉంచుకున్న మాధ్యమాన్ని పోయాలి. దీనివల్ల కొత్త ప్రోటీన్ తయారు కాక, చూసేదంతా పాత అలే అవుతుంది. తర్వాత 10, 30, 60, 90 నిమిషాలకు కణాలను ఫిక్స్ చేయాలి. మొదట ప్రోటీన్‌ను మోసుకుపోయే చిన్న చుక్కలు, ఆపై గాల్జి, చివరకు కణం అంచు ఈ వరుసలో వెలుగుతాయి. గాల్జి చివరి అరల దగ్గరే ప్రోటీన్‌ను నిలపాలనుకుంటే 20 డిగ్రీల వద్ద ఉంచితే చాలు.

చిత్రం ఒక్కదాన్నే నమ్మకుండా ఎండో హెచ్ ఎంజైముతో కూడా సరిచూడాలి. రెటిక్యులంలో ఉన్న ప్రోటీన్ మీది చక్కెర గొలుసులను ఈ ఎంజైము కోయగలదు గనుక ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్‌లో దాని పట్టీ కిందికి జరుగుతుంది, గాల్జి మధ్య అరలు దాటిన ప్రోటీన్‌కు ఆ మార్పు ఉండదు. ఉపరితలానికి చేరిన భాగాన్ని కొలవడానికి, ప్రోటీన్ బయటి భాగాన్ని గుర్తించే యాంటీబాడీని కణ పొరకు రంధ్రాలు చేయకుండానే మంచు మీద కలిపి, ఆ సంకేతాన్ని ప్రతి కణంలోని మొత్తం జీఎఫ్‌పీ వెలుగుతో భాగించాలి.