స్టెరాయిడ్ గోలీలు ఎట్లా వేసుకోవాలి, ఎట్లా ఆపాలి

వరంగల్‌లో మాది మందుల షాపు. చీటీలో ప్రెడ్నిసొలోన్ కనబడగానే "అమ్మో, స్టెరాయిడా!" అని వద్దనేవాళ్లు కొందరు. "మొన్న సూదేస్తే నొప్పులన్నీ పోయినయ్ బిడ్డా, ఆ చిన్న గోలీలే ఇయ్యి" అని చీటీ లేకుండా అడిగే పెద్దమ్మలు ఇంకొందరు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది రెండోవాళ్లే.

జిమ్ముల్లో కండల కోసం వాడే స్టెరాయిడ్లు వేరు. ఇవి కార్టికోస్టెరాయిడ్లు. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే కార్టిసాల్‌కు ఇవి దగ్గరి చుట్టాలు. కణం లోపలికి పోయి, వాపు పుట్టించే పదార్థాల తయారీనే తగ్గిస్తాయి. అందుకే దమ్ము (ఆస్తమా), రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్, తీవ్రమైన అలర్జీ, పిల్లల్లో మొహం ఉబ్బే నెఫ్రోటిక్ సిండ్రోమ్ లాంటి వేర్వేరు జబ్బులకు ఒకే మందు రాస్తారు. 2020లో ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల ప్రాణాలు కాపాడింది చవకైన డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడే. వాపు తగ్గితే నొప్పీ తగ్గుతుంది, కానీ అసలు జబ్బేదో తేలకుండా దాగిపోవచ్చు. ఏ సూదో తెలియకుండా ఊళ్లో వేయించుకుంటే వచ్చే చిక్కు ఇదే.

రోజుకు ఒక్కసారే రాస్తే, సాధారణంగా పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోవాలి. ఒంట్లో కార్టిసాల్ తెల్లవారుజామునే ఎక్కువ ఉంటుంది కాబట్టి మందు కూడా ఆ వరుసలో పోతుంది. రాత్రి వేసుకుంటే చాలామందికి నిద్ర పట్టదు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కూడా మింగుతుంటే డాక్టరుకు చెప్పి తీరాలి. రెండూ కలిస్తే కడుపులో పుండు పడి రక్తం కారే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్నవాళ్లు మధ్యాహ్నం, సాయంత్రం కూడా పరీక్ష చేసుకోండి. స్టెరాయిడ్ వల్ల షుగర్ పొద్దున పరగడుపున బాగానే ఉండి, తర్వాత పెరుగుతుంది. ఆకలి కూడా బాగా వేస్తుంది. "మందు ఒంటికి పట్టింది" అని సంబరపడకండి, అది స్టెరాయిడ్ గుణమే. నెలల తరబడి వాడితే ఎముకలు పలచబడతాయి, కంట్లో శుక్లాలు రావచ్చు, ఇన్ఫెక్షన్లు తొందరగా అంటుకుంటాయి.

ఆపడం దగ్గరే అసలు జాగ్రత్త. డాక్టరు ఐదారు రోజులకే రాస్తే ఆ రోజులు కాగానే ఆగిపోవచ్చు. మూడు వారాలు దాటితే మాత్రం ఒక్కసారిగా మానొద్దు. బయటినుంచి వస్తున్నంతకాలం మన గ్రంథులు పని తగ్గించుకుంటాయి. అవి మళ్లీ అలవాటు పడటానికి డాక్టరు డోసు మెల్లగా దించుతారు. "తగ్గింది కదా" అని మానేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. పెళ్లికి ఊరెళ్లేటప్పుడు గోలీలు సంచిలో పెట్టుకోండి. ఎక్కువకాలంగా వాడుతున్నవాళ్లకు వాంతులై గోలీ కడుపులో నిలవకపోతే రేపటిదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఆపరేషన్ ఉంటే ముందే ఆ సంగతి చెప్పాలి.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి దిగే రోజుల్లో ఆ ఘాటుకు దమ్మోళ్ల అవస్థ చెప్పనలవి కాదు. బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను చూసి భయపడతారు గానీ, నేరుగా ఊపిరితిత్తులకు పోయే ఆ మందు మోతాదు గోలీకంటే చాలా తక్కువ. గాలి పూర్తిగా వదిలి, నొక్కుతూ మెల్లగా పీల్చి, పది సెకన్లు బిగబట్టండి. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకుంటే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. ఇది రోజూ వాడే మందు. ఆయాసం ఎగిసిన క్షణాన ఆదుకునే ఇన్‌హేలర్ ఏదో డాక్టరునే అడిగి తెలుసుకోండి.

ఇక స్టెరాయిడ్ క్రీములు. తెల్లబడటానికి మొహానికి రాసుకునే ఆడపిల్లలను, తామరకు పూసుకునే పిల్లగాళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది. మొహం చర్మం పలచబడి ఎర్రనరాలు తేలుతాయి. తామరకైతే దురద రెండు రోజులు తగ్గి, మచ్చ ఇంకా పాకుతుంది. డాక్టరు చెప్పిన చోటుకే, చెప్పిన రోజులే రాయండి. పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము, వేళ్లతో కలిపి రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ట్యూబు మిగిలితే పక్కింటివాళ్లకు ఇవ్వకండి.