‘రీఫ్’ అన్న మాటకు సరైన అర్థం తేల్చుకోవడం ఎలా?

సముద్రయాన గ్రంథాల్లోనో భూగర్భశాస్త్ర వ్యాసాల్లోనో ‘రీఫ్’ అన్న మాట ఎదురైతే, దాన్ని వెంటనే పగడపు దిబ్బ అనుకోకుండా ముందు వాక్యంలోని క్రియను చూడండి. గాలి ఉద్ధృతమై నావికులు ‘రీఫ్ చేశారు’ అని ఉంటే, తెరచాపలో కొంత భాగాన్ని మడిచి, ఆ మడతను చాపకే అమర్చి ఉన్న పొట్టి తాళ్లతో బిగించి కట్టి, గాలి తగిలే వైశాల్యాన్ని తగ్గించారని అర్థం. రెండు తాడు కొసలను కలిపి కట్టే ‘రీఫ్ ముడి’కి ఆ పేరు వచ్చింది ఈ పని వల్లనే.

మాట నామవాచకంగా వస్తే, అది ఏ రంగానికి చెందిన రచనో గమనించాలి. నౌకాపటంలో రీఫ్ అంటే నీటిమట్టానికి దగ్గరగా ఉండి ఓడ అడుగును చీల్చగల గట్టు. అది పగడాలదే కానక్కరలేదు, వట్టి రాయి కూడా కావచ్చు. అనువాదాల్లో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. భూగర్భశాస్త్రవేత్తలకు మాత్రం అది ప్రధానంగా జీవులు కట్టిన సున్నపురాతి నిర్మాణం, ఇప్పుడు నీరు లేకపోయినా సరే: టెక్సస్‌లోని గ్వాడలూప్ పర్వతాల్లో ఎండకు నిలిచి ఉన్న కాపిటన్ రీఫ్ కోట్ల ఏళ్ల కిందటి పెర్మియన్ కాలపు సముద్రంలో ఏర్పడింది.

గనుల ప్రస్తావన ఉంటే అర్థం మళ్లీ మారుతుంది. దక్షిణాఫ్రికాలో 1886లో బంగారం బయటపడిన విట్‌వాటర్స్‌రాండ్‌లో రీఫ్ అంటే బంగారం ఇమిడి ఉన్న గులకరాతి పొర, కాబట్టి అక్కడ ‘ఖనిజపు పొర’ అని రాయడమే సమంజసం.